అంకె ఆఖర్న వెయ్యి

సంక్రాంతికి ముందు వారం మా ఊళ్లో నూర్పులు. ఊరంటే గుణుపురం అవతల, వంశధార ఒడ్డున. జిల్లా రాయగడ, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో భాష తెలుగు, సంతలో భాష ఎదుటివాడిని బట్టి. నేనుండేది పర్లాకిమిడిలో, ప్లస్ టూ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పుకుంటూ బతుకుతున్నాను. పండక్కి ఊరెళ్తే చాక్‌పీసు ముట్టుకోకూడదని ప్రతి ఏడూ అనుకుంటాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు పుస్తకం పట్టుకొస్తారు. ఈసారి మా అక్క కూతురు. ప్లస్ టూ రెండో ఏడు, మార్చిలో పరీక్షలు, మొహం నిండా టెన్షన్.

"మావయ్యా, డిఫరెన్షియేషన్ చెయ్యడం వచ్చు. దాన్ని ఎక్కడ వాడాలో చెప్పే చాప్టరే రాదు" అంది.

ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. డిఫరెన్షియేషన్ అంటే ఒకటి మారుతుంటే దాన్ని బట్టి ఇంకోటి ఎంత వేగంగా మారుతోందో పట్టుకునే లెక్క. పిల్లలకి సూత్రాలన్నీ నోటికొస్తాయి, ఎక్స్ స్క్వేర్‌కి రెండు ఎక్స్ అని నిద్రలో లేపినా చెప్తారు. నీళ్ల ట్యాంకు, నిచ్చెన, గోడ, బెలూన్ అని లెక్క మొదలవగానే మాత్రం చేతులు ఆగిపోతాయి. భాష వల్ల అనుకునేవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లిషు, మూడు గట్లు దాటి వచ్చేసరికి లెక్క నీరుగారిపోతుందని. అదీ ఉంది గానీ అసలు తప్పు వేరే చోట ఉందని నాకు తెలిసొచ్చింది, ఎందుకంటే ఆ తప్పు ముందు చేసినవాణ్ణి నేనే.

మా రోజుల్లో పరీక్షలో శంకువు ఆకారం తొట్టి లెక్కొకటి వచ్చింది. నీళ్లు పడుతున్నాయి, లోతు ఇంత ఉన్నప్పుడు మట్టం ఎంత వేగంగా పెరుగుతోంది అని. నేను ఎంతో తెలివిగా ఆ లోతు అంకెని ముందే సూత్రంలో వేసేసి, ఘనపరిమాణం ఒక సంఖ్యగా తెచ్చుకుని, ఆ సంఖ్యని డిఫరెన్షియేట్ చేశాను. సంఖ్యకి మార్పేముంటుంది, సున్నా. "నీటి మట్టం పెరుగుదల రేటు = 0" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను. పేపరు దిద్దిన మాస్టారు పక్కనే రాశారు: "కుళాయి కట్టేశావా?" అని. అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడు ఆ రెండు మాటలూ నా ట్యూషన్ పెట్టుబడి.

సరే, పిల్ల పుస్తకం తెరవబోతే వద్దని కళ్లంలోకి తీసుకెళ్లాను. నూర్పు మిషన్ గొట్టంలోంచి ధాన్యం ధారగా పడుతోంది, కింద రాశి లేస్తోంది. ధాన్యం రాశి ఎప్పుడూ ఒకే వాలుతో నిలబడుతుంది, చిన్నదైనా పెద్దదైనా. ఇంకా నిలువుగా పొయ్యాలని చూస్తే గింజలు జారిపోయి మళ్లీ ఆ వాలుకే వస్తాయి. మా రాశి ఆవేళ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు వ్యాసార్థంతో ఉంది, అంటే మోకాలెత్తు రాశి చుట్టూ మోకాలున్నర మేర పరుచుకుని ఉందన్నమాట. ధార నిమిషానికి ఒక బస్తా లెక్కన, బస్తా అంటే 0.1 ఘన మీటరు అనుకో అన్నాను. రాశి ఎత్తు ఒక మీటరు ఉన్న క్షణంలో ఎత్తు నిమిషానికి ఎంత చొప్పున పెరుగుతోంది?

ఆ పిల్ల నాలా సున్నా తేలేదు, అంతకంటే కాస్త తెలివైన తప్పు చేసింది. శంకువు ఘనపరిమాణం: మూడో వంతు × పై × వ్యాసార్థం వర్గం × ఎత్తు. ఎత్తు మీటరైతే వ్యాసార్థం మీటరున్నర కదా అని దాన్ని సూత్రంలో కూర్చోబెట్టేసింది. అప్పుడు ఘనపరిమాణం 0.75 × పై × ఎత్తు అయింది. దాన్ని డిఫరెన్షియేట్ చేసి, 0.1ని 2.36తో భాగించి, నిమిషానికి 4.2 సెంటీమీటర్లు అంది. చూడ్డానికి నమ్మదగ్గ జవాబే, యూనిట్లు కూడా కుదిరాయి. నాకు వచ్చిన సున్నాని చూస్తే ఎవడైనా నవ్వుతాడు, ఈ నాలుగు పాయింట్ రెండుని చూస్తే ఎవడూ అనుమానించడు, అందుకే ఇది మరీ ప్రమాదం.

నేనేమీ అనలేదు. పక్కనున్న కొడవలి తీసి రాశి అంచుకి నాలుగు వేళ్ల దూరంలో నేల మీద పెట్టాను. ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. పైనుంచి పడ్డ గింజలు కొసన నిలవవు, ఒక క్షణం పోగై, వాలు మీద ఓ పక్కకి జర్రున జారతాయి, తర్వాత ఇంకో పక్కకి. అలా జారిన ప్రతిసారీ అంచు ఒక గింజ మేర, రెండు గింజల మేర బయటికి నడుస్తుంది. నాలుగు నిమిషాలు కాకముందే కొడవలి పిడి దాకా వచ్చింది, ఇంకాసేపటికి పిడి మునిగిపోయింది. "ఏటి మావయ్యా, అంచు కూడా పెరుగుతోంది!" అంది. పెరగదా మరి. మీటరున్నర అని నువ్వు దాన్ని నేలకి మేకు కొట్టేస్తే కాగితం మీద ఆగింది గానీ ఇక్కడ ఆగలేదు.

వ్యాసార్థాన్ని ఎత్తుతో కట్టేయాలి, అంకెతో కాదు. వ్యాసార్థం = 1.5 × ఎత్తు అని ఉంచితే ఘనపరిమాణం 0.75 × పై × ఎత్తు ఘనం అవుతుంది. ఇప్పుడు కాలంతో డిఫరెన్షియేట్ చేస్తే ఘనపరిమాణం పెరిగే రేటు = 2.25 × పై × ఎత్తు వర్గం × ఎత్తు పెరిగే రేటు. అంకెలు వెయ్యాల్సింది ఇక్కడ. 0.1ని 7.07తో భాగిస్తే నిమిషానికి 1.4 సెంటీమీటర్లు. పిల్ల తెచ్చిన జవాబు సరిగ్గా మూడు రెట్లు ఎక్కువ. ఆ మూడు ఎక్కడిదంటే ఎత్తు ఘనంలోంచి దిగిన మూడే. వ్యాసార్థాన్ని మేకు కొట్టగానే ఘనం కాస్తా ఒట్టి ఎత్తు అయిపోయి ఆ మూడు పోయింది.

రాశి అరమీటరు ఉన్నప్పుడు ఇదే ధారకి నిమిషానికి 5.7 సెంటీమీటర్లు లేస్తుంది. రెండు మీటర్లయితే (అంత ఎత్తుకి మా మిషన్ గొట్టమే లేదు, లెక్క కోసం) మూడున్నర మిల్లీమీటర్లు. ఎత్తు రెట్టింపైతే వేగం నాలుగో వంతు. మీటరు రాశికి ఇరవై నాలుగు బస్తాలు చాలు, రెండు మీటర్ల రాశికి దాదాపు నూట తొంభై కావాలి. మా నాన్న బతికున్నప్పుడు "రాశి మొదట బేగి లేస్తాది, తర్వాత కూకుంటాది" అనేవాడు. బేగి అంటే త్వరగా, మా వైపు మాట. ఒడియావాళ్లూ బేగి అనే అంటారు, ఎవరి దగ్గర ఎవరు తెచ్చుకున్నారో గానీ రెండింటి వెనకా ఉన్నది వేగమే.

మాటల దగ్గరికొచ్చాం కాబట్టి ఒకటి చెప్పి పోతాను. భాస్కరాచార్యుడు 1150లో రాసిన సిద్ధాంత శిరోమణిలో "తాత్కాలిక గతి" అనే మాట ఉంది. మనం ఇప్పుడు తాత్కాలికం అంటే టెంపరరీ అనుకుంటాం, తాత్కాలిక ఉద్యోగం, తాత్కాలిక వంతెన. ఆయన అర్థం అది కాదు. తత్కాలం, అంటే ఆ క్షణం, ఆ క్షణంలో ఉన్న గతి. చంద్రుడి వేగం ఒక్క రోజులోనే మారిపోతుంటుంది, రోజంతటికీ సగటు పట్టుకుంటే తిథి ముగిసే క్షణం తప్పుతుంది, కాబట్టి ఆ క్షణపు వేగం కావాలన్నది ఆయన అవసరం. ఆ తర్వాత అయిదు వందల ఏళ్లకి పైగా గడిచాక న్యూటన్ ఒకవైపు, 1684లో అచ్చులోకి తెచ్చిన లైబ్నిట్జ్ ఇంకోవైపు దీన్ని పూర్తి పద్ధతిగా నిలబెట్టారు. భాస్కరుడే మొత్తం కనిపెట్టేశాడని వాట్సాప్‌లో తిరిగే మాట నేను అనను, ఆయన చేసింది ఆయన చేశాడు. కానీ పిల్లలకి "ఇన్‌స్టాంటేనియస్ రేట్" అని ఇంగ్లిషులో పదిసార్లు చెప్పినదానికంటే "తాత్కాలిక గతి, అంటే పంతులుగారు పంచాంగంలో వెతుక్కునేది" అని ఒక్కసారి చెప్తే ఎక్కువ ఎక్కుతుంది. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ట్యూషన్ చెప్తూ ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా.

మర్నాడు అమ్మ గుణుపురం సంతకి బయల్దేరింది, గంపలో వంకాయలు. మా ఊరికీ గట్టు మీది రోడ్డుకీ మధ్య వంశధార ఇసుక. పుష్యమాసానికి నీళ్లు ఒక పక్కన చీలమండలోతు పాయగా మిగులుతాయి, తక్కినదంతా ఇసుకే. రోడ్డెక్కాక కుడివైపు కొంత నడిస్తే బస్సాగే చోటు. మేం ముగ్గురం కలిసి వెళ్లాం, గంప నేను మోస్తానంటే అమ్మ ఇవ్వలేదు, నీకు చేతకాదంది, నిజమే. ఇసుకలో ఒక కాలిబాట ఉంటుంది, ఎవరూ వెయ్యలేదు, అడుగులు పడీ పడీ ఏర్పడింది. వానాకాలం వరదొచ్చి చెరిపేస్తుంది, కార్తీకం దాటగానే మళ్లీ దాదాపు అదే చోట పుడుతుంది. ఆ బాట నేరుగా అవతలి గట్టుకి పోదు, బస్సాగే చోటుకీ పోదు, రెండింటికీ మధ్య ఏటవాలుగా పోతుంది.

ఎందుకలా? ఇది చాప్టర్లో రెండో ముక్క, గరిష్ఠాలు కనిష్ఠాలు. లెక్కకి వీలుగా ఇసుక వెడల్పు 0.6 కిలోమీటరు, గట్టు మీద బస్సు దాకా 1 కిలోమీటరు అనుకుందాం. ఇసుకలో కాలు దిగబడుతుంది, గంటకి మూడు కిలోమీటర్లకి మించి నడవలేం. రోడ్డు మీద అయిదు. నేరుగా అడ్డం దాటి రోడ్డు మీద నడిస్తే ఇసుకలో పన్నెండు నిమిషాలు, రోడ్డు మీద పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు. ఇసుకలోనే ఏటవాలుగా బస్సు దాకా పోతే దూరం తగ్గుతుంది గానీ దారంతా ఇసుకే, 23.3 నిమిషాలు. మధ్యలో ఎక్కడో గట్టెక్కితే?

గట్టెక్కే చోటు, ఎదురుగా ఉన్న బిందువు నుంచి ఎక్స్ కిలోమీటర్ల దూరం అనుకో. ఇసుకలో దూరం, 0.36కీ ఎక్స్ వర్గానికీ కూడిక, దాని వర్గమూలం. దాన్ని మూడుతో భాగించు, మిగిలిన రోడ్డుని, అంటే ఒకటి మైనస్ ఎక్స్‌ని, అయిదుతో భాగించు, రెండూ కలుపు, అదీ కాలం. పిల్ల ఇసుకలోనే కూర్చుని వేలితో డిఫరెన్షియేట్ చేసింది (కాగితం కంటే ఇసుకే నయం, చెరుపుకోవడం సులువు). సున్నాకి సమానం చేస్తే ఎక్స్‌ని ఏటవాలు దూరంతో భాగిస్తే మూడు బై అయిదు రావాలని తేలింది. అంటే ఎక్స్ = 0.45, ఏటవాలు దూరం 0.75. కాలం 21.6 నిమిషాలు.

"ఇంతా చేసి మిగిలింది రెండున్నర నిమిషాలు కూడా కాదా!" అని నవ్వింది. నవ్వొచ్చు. నాకు నచ్చేది ఆ నిమిషాలు కాదు, ఆ మూడు బై అయిదు. అది రెండు వేగాల నిష్పత్తే, ఇసుక వేగం బై రోడ్డు వేగం. ఇసుక ఎంత వెడల్పున్నా, బస్సు ఎంత దూరంలో ఉన్నా, ఆ వాలు మారదు. గాల్లోంచి నీళ్లలోకి దిగే కాంతి వంగడం కూడా ఈ లెక్కేనని ఫెర్మా అన్నాడు, పదిహేడో శతాబ్దంలో, ఫ్రాన్సులో, వృత్తికి లాయరు. బిందెలో పెట్టిన కర్ర విరిగినట్టు కనబడటానికీ మా ఊరి కాలిబాటకీ కారణం ఒకటే కావడం, ఇన్నేళ్లు చెప్పినా నాకు పాతబడలేదు.

ఇంకోటి చేసి చూడమన్నాను. 450 మీటర్ల దగ్గర కాకుండా పొరపాటున 350 దగ్గర గట్టెక్కితే? 21.69 నిమిషాలు. 550 దగ్గరైతే? 21.68. వంద మీటర్లు అటూ ఇటూ తప్పినా నష్టం అయిదు సెకన్లే! కనిష్ఠం దగ్గర వాలు సున్నా అనే మాటని పిల్లలు ఒట్టి సమీకరణంగా చూస్తారు, పరీక్షలో సున్నాకి సమానం చేసి ఎక్స్ తీసేయడానికి ఒక మెట్టు. దాని అర్థం ఇది. అక్కడ నేల చదునుగా ఉంటుంది, కొంచెం అటూ ఇటూ జరిగినా పెద్దగా ఏమీ పోదు. కొనలకి దగ్గరైతే అలా కాదు, అక్కడ ప్రతి అడుగుకీ ఖర్చు తెలుస్తుంది.

ట్యూషన్లో పిల్లలు పడే గొయ్యి ఒకటుంది, అదీ చెప్పాను. బస్సాగే చోటు కిలోమీటరు దూరంలో కాకుండా 300 మీటర్లలోనే ఉంటే? సమీకరణానికి అదేం పట్టదు, అది మళ్లీ 450 మీటర్లనే అంటుంది. దాని మాట విని బస్సు దాటి 150 మీటర్లు ముందుకెళ్లి గట్టెక్కి వెనక్కి నడుస్తావా? అక్కడ కనిష్ఠం కొనలో ఉంటుంది, ఏటవాలుగా సూటిగా బస్సు దగ్గరికే పోవాలి. డిఫరెన్షియేషన్ మధ్యలో ఉన్న గుంటల్ని, గుట్టల్నే చూపిస్తుంది, కొనల్ని మనమే వెళ్లి చూసుకోవాలి. ఎన్ని మార్కులు ఇక్కడ పోతాయో నేను చూశాను.

అమ్మ ఇదంతా వింటూ గంప దించకుండా నిలబడి ఉంది, చివరికి "బస్సెళ్లిపోతాది రండర్రా" అంది. లేచి నడుస్తూ మా మేనకోడలు ఫోన్లో మ్యాప్ తీసి చూసింది, బాట గట్టెక్కే చోటు మేం లెక్కకి అనుకున్న కొలత ప్రకారం 450 దగ్గర లేదు, 380 దగ్గర ఉంది. "అమ్మమ్మ డెబ్భై మీటర్లు తప్పు" అంది. కొంచెం ఆగి తనే, "కాదు మావయ్యా, అమ్మమ్మ మూడూ అయిదూ నడవదు కదా, నెత్తి మీద గంప" అంది. నేను నిలబడిపోయాను. బరువుతో ఇసుకలో గంటకి రెండు, రోడ్డు మీద నాలుగు అనుకుంటే నిష్పత్తి సగం అవుతుంది, కోణం ముప్ఫై డిగ్రీలు, ఎక్స్ 346 మీటర్లు. బరువున్నవాళ్లు ఇసుకలో తక్కువ నడిచి త్వరగా గట్టెక్కుతారు. సంతకి వెళ్లే దారి కాబట్టి నడిచే వాళ్లలో సగం మందికి బరువు ఉంటుంది, సగం మంది ఖాళీ చేతులు, బాట రెండు అంకెలకీ మధ్యన పడిందని ఇద్దరం తెగ మురిసిపోయాం.

అమ్మని అడిగాం, ఇక్కడే ఎందుకెక్కుతావని. "అక్కడ గట్టు తెగి మెట్టులాగుంది. మిగతా చోట్ల ఎక్కలేం" అంది.

చూస్తే నిజంగానే మెట్టుంది. మా లెక్కలో గట్టుకి ఎత్తే లేదు.

(మెట్టు ముందా బాట ముందా అని మా మేనకోడలు ఇంకా వాదిస్తోంది. అడుగులు పడటం వల్లే గట్టు తెగిందంటుంది. అమ్మని గెలిపించడం ఇష్టంలేక కాదట, లెక్క కోసమట.)

మూడోది చలనం. ఇది పండగయ్యాక, తిరుగు ప్రయాణంలో. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడ పోయే లైను, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు ఇది, రెండున్నర అడుగుల గేజు, 1931 నాటికి గుణుపురం చేరింది. నా చిన్నప్పుడు అది ఎంత నెమ్మదిగా పోయేదంటే కుర్రాళ్లు దిగి జీడిమామిడి పళ్లు కోసుకుని మళ్లీ ఎక్కేవారని పెద్దవాళ్లు చెప్పేవారు, నేనైతే చెయ్యలేదు, ధైర్యం చాలక. 2011 నుంచి పెద్ద గేజు రైళ్లు తిరుగుతున్నాయి, ఇప్పుడు దిగి కోసుకునే పని లేదు.

స్టేషన్లో కొన్న టీ గ్లాసులు చేతిలో పెట్టుకుని కూర్చున్నాం. పక్క స్టేషను నాలుగు కిలోమీటర్లు, ఆరు నిమిషాల ప్రయాణం అనుకో అని ఒక సూత్రం ఇచ్చాను. దూరం = కాలం వర్గం బై 3, మైనస్ కాలం ఘనం బై 27. కాలం నిమిషాల్లో, దూరం కిలోమీటర్లలో. ఆరు వేస్తే పన్నెండు మైనస్ ఎనిమిది, నాలుగు, సరిపోయింది. ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తే వేగం: రెండు కాలాలు బై 3, మైనస్ కాలం వర్గం బై 9. మొదట్లోనూ ఆరో నిమిషంలోనూ సున్నా, అంటే రైలు రెండు స్టేషన్లలోనూ ఆగి ఉంది. ఇంకోసారి చేస్తే త్వరణం, అంటే వేగం మారే రేటు: 2/3 మైనస్ రెండు కాలాలు బై 9. అది మూడో నిమిషంలో సున్నా. అక్కడ వేగం గరిష్ఠం, నిమిషానికి ఒక కిలోమీటరు, గంటకి అరవై. సగటు మాత్రం నలభయ్యే.

ఇక్కడ పిల్లలందరికీ ఒక చిక్కు. వేగం ఎక్కువుంటే త్వరణం కూడా ఎక్కువుంటుందని మనసు అనుకుంటుంది. రైల్లో గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఆ అనుమానం పోతుంది. దారి మధ్యలో రైలు అన్నిటికంటే బేగి పోతున్నప్పుడు టీ కదలదు, అద్దంలా ఉంటుంది. ఆగబోయేటప్పుడు వేగం సున్నాకి చేరుతుంటే గ్లాసు ఒక పక్కకి ఒరుగుతుంది, సూత్రం ప్రకారం వెనక్కి లాగే త్వరణం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆరో నిమిషంలోనే. ఆగీ ఆగగానే ఆ లాగుడు ఒక్కసారిగా మాయమవుతుంది, అప్పటిదాకా దానికి ఎదురు నిలబడ్డ మన ఒళ్లు వెనక్కి తూలుతుంది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నాకూ చెప్పక్కర్లేకపోయింది, పండగ చొక్కా మీద టీ ఒలికాక.

"ఆరో నిమిషం" అంది మా మేనకోడలు, రుమాలు కూడా ఇవ్వకుండా.

చొక్కా తుడుచుకుంటుంటే అడిగింది, ఆరు దాటాక ఏమవుతుందని. తొమ్మిది వేసి చూడు అన్నాను. వేగం మైనస్ మూడు. సూత్రం ప్రకారం రైలు గంటకి నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతోంది! కాబట్టి ఆరు దగ్గర సూత్రాన్ని దింపెయ్యాలి, ఇసుకలో బస్సాగే చోటులాగే. పిల్ల ఒప్పుకుంది గానీ ఇంకో మాట అంది, నేను ఎదురుచూడనిది. "మావయ్యా, నీ సూత్రం బయల్దేరేటప్పుడు కూడా కుదుపుతోంది. సున్నా నిమిషంలో త్వరణం 2/3 ఉంది. అంతకుముందు క్షణంలో ఏమీ లేదు. ఇందాక ఈ రైలు అలా బయల్దేరలేదు, మెల్లగా కదిలింది. నీ సూత్రమే టీ ఒలకపోసేది."

ఒక పిల్ల కుళాయిని కట్టెయ్యకుండా ఆలోచించడం మొదలుపెడితే ఇదే గొడవ.

పర్లాకిమిడి చేరి, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని తయారు చేశాను. రెండు కొనల్లోనూ వేగంతో పాటు త్వరణం కూడా సున్నా కావాలంటే ఘనం చాలదు, అయిదో ఘాతం దాకా పోవాలి. ప్రయాణంలో గడిచిన భాగాన్ని, అంటే కాలం బై మొత్తం కాలాన్ని, ఒక అక్షరం అనుకుంటే, దాని ఘనానికి 10 రెట్లు, మైనస్ నాలుగో ఘాతానికి 15 రెట్లు, ప్లస్ అయిదో ఘాతానికి 6 రెట్లు, దీన్ని మొత్తం దూరంతో గుణించాలి. డిఫరెన్షియేట్ చేసి చూసుకోండి, రెండు చివర్లా రెండూ సున్నాలే వస్తాయి. కానీ ఊరికే రాదు, అదే నాలుగు కిలోమీటర్లు అదే ఆరు నిమిషాల్లో పోవాలంటే మధ్యలో వేగం సగటుకి 1.875 రెట్లు ఉండాలి, గంటకి 75. పాత సూత్రంలో ఒకటిన్నర రెట్లు, అరవై. కుదుపు లేకుండా మొదలుపెట్టి కుదుపు లేకుండా ఆగితే ఆ పోయిన సమయాన్ని మధ్యలో పరిగెత్తి రాబట్టుకోవాలి.

ఫోటో తీసి పంపించాను. పది నిమిషాలకి జవాబొచ్చింది: "75 వద్దు మావయ్యా, 60 దాటకుండా చేశాను, ఏడున్నర నిమిషాలు పడుతోంది. నిమిషంన్నర లేటు, కానీ చొక్కా బతికేది."

సరిచూశాను. ఏడున్నరే. అంకె ఆఖర్నే వేసింది.